మర్లని బండి

"...గది కాదు బిడ్డా, నేనేం అడ్డం పడ్తలేను. తీస్కపోనీ. తీస్కపోయే ముందట ఒక్కపారి నడిపి సూపియ్యమను ఆ సారును. గంతే నేనడిగేది."

మొగిలయ్య మాట నెమ్మది. ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ గూడ్సు బండి పోయేంత సందు ఉంటుందని కొడుకు దయాకర్ నవ్వేవాడు. ఆ సందులో తొందరపడి దూరకుండా కోడలు మానస ఎప్పుడూ ఓపిగ్గా నిలబడేది. ఈ ఆదివారం మాత్రం నిలబడలేదు.

"నడవదు మామా. నడవదని నీకెరుకే, నాకెరుకే. మల్ల సూసుడెందుకు?" అని చీపురు తీసుకుని పైకి వెళ్లిపోయింది.

నాచారంలో వాళ్లది కింద రెండు గదులు, పైన ఒక రేకుల గది ఉన్న ఇల్లు. ఆ రేకుల గదిలో గోడకూ గోడకూ పట్టేటట్టు ఒక చెక్క బల్ల ఉంది. బల్ల మీద మౌలాలి నుంచి ఘట్‌కేసర్ దాకా రైలు దారి. దోసిట్లో పట్టే స్టేషన్లు, అగ్గిపెట్టెలతో కట్టిన క్వార్టర్లు, గిన్నెలు తోమే పీచును ఆకుపచ్చ రంగులో ముంచి చేసిన చెట్లు. దయాకర్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగి వచ్చి, చాయ్ చేత పట్టుకుని పైకెక్కి, ఏళ్ల తరబడి ఒక్కో పట్టా పరిచి చేసిన దారి అది. పసుపు బోర్డుల మీద ఊర్ల పేర్లు రాసింది అతని కూతురు సిరి. మౌలాలి పక్కన గేటు గుడిసె కట్టి, దాని ముందు ఎర్రజెండా పట్టుకున్న బొమ్మను నిలబెట్టి "ఇది మా తాత" అన్నది కూడా సిరే.

"నేను గేటుమన్ను కాదే, కీమన్ను. నా చేతుల సుత్తె ఉండాలె," అని రైల్వేలో కీమన్‌గా చేసి దిగిన మొగిలయ్య మొత్తుకున్నాడు.

"సుత్తె పెడితే దొంగ లెక్క కనవడ్తున్నవు తాతా. జెండానే ఉండనీ," అన్నది సిరి. జెండానే ఉండిపోయింది.

దయాకర్ లేడు. నిరుడు వానాకాలంలో డెంగీ వచ్చి దవాఖానాలో చేరినవాడు మళ్లీ ఈ మెట్లు ఎక్కలేదు. పోవడానికి ముందు రోజు సాయంత్రం ఫోన్లో వీడియో పెట్టించుకుని, "బండి నడుపు సిరీ, జర చూస్త" అన్నాడు. సిరి నడిపింది. బండి మౌలాలిలో బయలుదేరి, చర్లపల్లి దాటి, ఘట్‌కేసర్ చేరింది. అక్కడ గుండ్రంగా తిరిగి, వచ్చిన దారినే ఇంటికి రావాలి. సిరి మీట తిప్పింది. బండికి కరెంటు ఇచ్చే డబ్బాలో దీపం ఆరింది. కాలిన వాసన వచ్చింది. బండి ఉన్నచోటే ఆగిపోయింది. తెల్లారేసరికి దయాకర్ కూడా లేడు.

అప్పటి నుంచి సిరి ఘట్‌కేసర్‌లో కాలేజీ హాస్టల్లోనే ఉంటోంది. బస్సెక్కితే గంటలోపు వచ్చే దూరం. అయినా రాదు. ఈ దసరా సెలవులకైనా రమ్మంటే కిందటి వారం తల్లితో ఒకటే మాట అన్నది: "ఆ బల్ల ఇంట్ల ఉన్నన్ని దినాలు నేను రాను మమ్మీ. నా చేతులతోని చెడగొట్టిన. చూడలేను." ఆ మాట విన్నాక మానస వాళ్లనూ వీళ్లనూ అడిగి, ఇలాంటి రైళ్ల పిచ్చి ఉన్న ఉప్పల్ పెద్దమనిషి ఒకాయనకు బల్ల ఇచ్చేస్తానని మాట ఇచ్చింది. ఆయన ఇవాళ వస్తున్నాడు.

బల్ల మీది బండి మాత్రం ఏడాదిగా ఘట్‌కేసర్‌లోనే నిలబడి ఉంది. దాని మీద దుమ్ము కూడా ఎవరూ తుడవలేదు.

*

గంగాధరరావు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ఏదో పరిశోధన ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. చేతిలో పనిముట్ల పెట్టె, నుదుటి మీద గడియారాలు బాగుచేసేవాళ్లు పెట్టుకునే భూతద్దం. మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మంలో ఆగి, బల్ల వైపు చూశాడు.

"అయ్య బాబోయ్," అన్నాడు. వెనక్కి వెళ్లి చెప్పులు విడిచి మళ్లీ వచ్చాడు.

ఆ చెప్పులు విడవడం చూసి మొగిలయ్యకు ఆ మనిషి నచ్చాడు. నచ్చకుండా ఉంటే బాగుండేదని కూడా అనిపించింది.

"ఇదంతా మీ అబ్బాయి ఒక్కడే చేశాడా మొగిలయ్య గారూ?"

"పట్టాలు వాడు పరిచిండు సారూ. వైర్లన్నీ మా కోడలు అతికిచ్చింది."

"నేనేం చేసిన మామా. ఆయన ఏడ చుక్క పెడితే ఆడ సోల్డరింగ్ పెట్టిన," అన్నది మానస గుమ్మం దగ్గరి నుంచే. ఆమె చర్లపల్లిలో కరెంటు బోర్డులు చేసే కంపెనీలో పనిచేస్తుంది. ఏడాదిగా ఈ గదిలోకి నేల ఊడ్చేందుకు తప్ప రాలేదు. ఊడ్చినా తల ఎత్తదు.

"అదృష్టవంతుడమ్మా మీ ఆయన. మా ఇంట్లో నేను డైనింగ్ టేబుల్ మీద రెండు స్టేషన్లు కడితే ఊరుకుంది. మూడోది మొదలుపెట్టగానే, భోజనం ఇక ప్లాట్‌ఫాం మీదే చేసుకోమంది మా ఆవిడ."

మొగిలయ్య నవ్వాడు. చాలాకాలానికి వచ్చిన నవ్వు కాబట్టి దారి తెలియక దగ్గులోకి తిరిగింది. గంగాధరరావు బల్ల చుట్టూ వంగి వంగి నడిచాడు. గేటు దగ్గర ఎర్రజెండా బొమ్మను చూసి, మొగిలయ్యను చూసి, తల ఊపాడు. ఘట్‌కేసర్ చివరకు వచ్చి ఆగిపోయాడు. అక్కడ దారి నీళ్ల చేదకు వేసిన ఉచ్చులాగా గుండ్రంగా తిరిగి మళ్లీ తన మెడలోనే కలుస్తుంది.

"ఓహో, ఇక్కడ లూపు పెట్టాడా! దీని జోలికి మాలో చాలామంది పోరండి. తలనొప్పి వ్యవహారం."

"మర్లు లూపు అంటడు సారూ మా వోడు."

"మర్లు అంటే?"

"మర్లి వచ్చుడు. పోయిన బండి మల్ల ఇంటికి వచ్చుడు."

ఆ రోజు మొగిలయ్యకు బాగా గుర్తు. పెన్సిలుతో బల్ల మీద దయాకర్ ఆ గుండ్రం గీస్తుంటే తను ఎగతాళి చేశాడు. "గట్‌కేసర్‌ల గిట్లాంటి లూపు ఏడుందిరా? నేను ఆ లైను మీద గన్నేండ్లు నడిసిన, నాకు కనవడలే." దయాకర్ పెన్సిలు ఆపకుండా అన్నాడు: "ఆడ లేదు నాయినా. మన ఇంట్ల ఉంటది. బండి ఎనుకకు ఎనుకకు రావొద్దు. మొకం ఇంటి దిక్కు పెట్టుకొని రావాలె."

"సారూ," అన్నాడు మొగిలయ్య. కోడలి వైపు చూడకుండా, ఆగి ఆగి అన్నాడు. "తీస్కపోయే ముందట... ఒక్కపారి నడిపి సూడరాదుండ్రి."

గంగాధరరావు మానస వైపు చూశాడు. ఆమె కాదనలేదు, అవుననలేదు. ఆయన తన పెట్టెలోంచి తన కరెంటు డబ్బా తీసి వైర్లు కలిపాడు. దూదికి స్పిరిట్ అద్ది, పట్టాల మీద దుమ్ము తుడిచాడు. బండిని లూపులోంచి రెండు వేళ్లతో ఎత్తి, ఇంజను చక్రాలు తుడిచి, తెచ్చి మౌలాలిలో పెట్టాడు. బండి ఉన్నచోట దుమ్ములో పొడుగాటి మచ్చ మిగిలింది. మానస ఆ మచ్చను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బయలుదేరుదామా?"

మొగిలయ్య తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసి, బల్లకు పక్కగా, బండికి ఎదురు మొహంగా నిటారుగా నిలబడ్డాడు. లైను మీద ఉన్నప్పుడు బండి వస్తే అట్లా పక్కకు తప్పుకుని నిలబడి, చక్రాలన్నీ మంచిగా ఉన్నాయా అని చూసి పంపడం అతని పని. కాళ్లు ఆ పనిని మరిచిపోలేదు.

బండి కదిలింది. చిన్న చప్పుడు చేస్తూ గేటు దాటింది. చర్లపల్లి ప్లాట్‌ఫాం పక్క నుంచి పోయింది. వంతెన ముందు వంపు తిరిగింది. ఘట్‌కేసర్ బోర్డు దాటి లూపులోకి దిగింది.

"ఇప్పుడు మీట తిప్పాలి. తిప్పితే ఇంటి దారి," అని గంగాధరరావు మీట తిప్పాడు.

డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. బండి ఆగిపోయింది. ఏడాది కింద ఆగిన చోటికి జానెడు దూరంలోనే.

"నేను చెప్పలే? చెప్తే వినరు!" మానస గుమ్మం దగ్గరి నుంచే అరిచింది. "బందు చెయ్యిండ్రి సార్. కాలుతది."

"కాలదమ్మా, కంగారు పడకు. ఇది మంచి డబ్బా, షార్టు అయితే తనే ఆపేసుకుంటుంది. అప్పుడు మీ పాత డబ్బాకు ఆ తెలివి లేక కాలింది." ఆయన భూతద్దం కళ్ల మీదికి లాక్కున్నాడు. ముఖంలో విసుగు లేదు, సరదా ఉంది. "చూడండి మొగిలయ్య గారూ, ఇంజనుకు కరెంటు పట్టాల నుంచే అందుతుంది. ఒక పట్టాలో ప్లస్సు, రెండో దాంట్లో మైనస్సు. ఈ లూపులో గుండ్రంగా తిరిగొచ్చేసరికి ఈ పట్టా పోయి ఆ పట్టాతో కలుస్తుంది. కలిస్తే షార్టు. అందుకని లూపు రెండు చివర్లా పట్టాలను కోసి కాస్త సందు వదులుతాం. ఆ సందు ఉంటేనే బండి వెనక్కొస్తుంది."

"కోస్తరా?" అన్నాడు మొగిలయ్య.

"ఆఁ, కోస్తాం."

"మంచి పట్టాను... కావాలని?"

"కావాలనే. రెండు పట్టాలనూ, ఎదురెదురుగా." ఆయన వంతెన కిందికి టార్చి వేసి చూశాడు. "ఇదిగో, ఈ చివర వంతెన చాటున, పైకి కనపడకుండా చక్కగా వదిలాడు. పనిమంతుడు. మరి రెండో చివర..." అని మెల్లగా జరిగి, లూపు మెడ దగ్గర వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"దొరికింది! పూడ్చేశారు. రాగి రేకు సన్నగా కొట్టి, పట్టా పక్కన ఎంత నాజూగ్గా కూర్చోబెట్టారో చూడండి. పైన ఎర్రమట్టి రంగు కూడా వేశారు కనపడకుండా." లేచి నవ్వాడు. "ఎవడో గానీ చెయ్యి మంచిదండి, బుద్ధే లేదు. బండిని చంపేశాడు."

మానస ఏడాది తర్వాత మొదటిసారి బల్ల దగ్గరికి వచ్చింది. వంగి చూసింది. రేకు పక్కన, పట్టాల కింది చెక్క స్లీపరు మీద, ఆవగింజంత తెల్లటి చుక్క ఉంది. సున్నం.

ఆ ఇంట్లో తంబాకు నలుపుకునే సున్నం డబ్బీ ఒక్కరి జేబులోనే ఉంటుంది. లైను మీద పనిచేసిన రోజుల్లో ఏ జాయింటు బిగించినా, రేపు మళ్లీ చూసుకోవడానికి గుర్తుగా, పక్కన సున్నం చుక్క పెట్టడం అతని సొంత అలవాటు. ఆ సంగతి అతనే ఎన్నోసార్లు చెప్పి ఇంటిల్లిపాదినీ విసిగించాడు.

ఆమె తల ఎత్తి మామ వైపు చూసింది.

గంగాధరరావు పట్టకారు తీశాడు. "ఒక్క నిమిషం, ఊడబీకేస్తే..."

"ఇయ్యాల వద్దు సార్," అన్నది మానస. "రేపు రాండ్రి."

ఆయన ఆమెను చూశాడు, ముసలాయనను చూశాడు. ఏదో అర్థమైంది, ఏదో కాలేదు. పట్టకారునూ డబ్బానూ బల్ల మీదే వదిలి, "రేపు పొద్దున ట్రాలీ ఆటో మాట్లాడుకుని వస్తానమ్మా," అన్నాడు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగాడు. "నేనేమైనా తప్పుగా అన్నానా మొగిలయ్య గారూ?"

మొగిలయ్య ఆ రేకు వైపే చూస్తున్నాడు. ఆయన మెట్లు దిగిపోయిన చప్పుడు కూడా అతనికి వినపడలేదు.

*

"నువ్వేనా మామా?"

"పట్టా ఇరిగింది బిడ్డా," అన్నాడు మొగిలయ్య. అతనికి అప్పటికీ పూర్తిగా తెలిసిరాలేదు. చేతులు గాలిలో పెట్టి చూపించాడు. "రెండు దిక్కుల ఇరిగింది. ఎదురెదురుగ. గట్ల ఇరుగుతె బండి పడ్తది. మీరందరు దవాఖానల ఉంటిరి. ఇంట్ల నేనొక్కన్నే. పాణం ఆగలే. టార్చి వట్టుకొని... ఇగో గీడికెళ్లి లైను మొత్తం సూసుకుంట వోయిన. డ్యూటీల సూసినట్టే. ఇరిగి కనవడ్డది."

రోజూ తన వంతు దారి వెంట నడిచి, సుత్తెతో కీలు బిగించి, పట్టా ఎక్కడైనా విరిగిందేమో చూసేవాడు కీమన్. మొగిలయ్య బతుకంతా ఆ ఒక్క భయంతోనే నడిచింది. తను చూడకపోతే ఎవరి బండో పడిపోతుంది. కొడుకు దవాఖానాలో పడుకున్న వారంలో, కొడుకు పరిచిన లైనులో ఆ సందు కనిపించేసరికి అతను టార్చి వేసి మళ్లీ మళ్లీ చూశాడు. దాన్ని ఆ ఒక్కరోజు కూడా అట్లా వదలబుద్ధి కాలేదు. పాత ఫ్యాన్‌లోంచి రాగి తీగ తీసి, రుబ్బురోలు మీద పెట్టి సుత్తెతో సన్నటి రేకులు కొట్టాడు. లైను మీద రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటు ఉంటుందే, అట్లాంటివి, గోరంతవి. రెండు దిక్కులా కూర్చోబెట్టి, గమ్ము చుక్కలతో బిగించి, పట్టా రంగులో కలిసేటట్టు ఎర్రమట్టి పూశాడు. కొడుకు కోసం దవాఖానాలో చేయలేని పని ఏదో ఇక్కడ చేసినట్టు అనిపించింది. ఆ రాత్రి మొదటిసారి నిద్ర పట్టింది.

"సిరి బండి నడిపిన్నాడు నువ్వు ఈడనే ఉంటివి కదా!"

"ఉన్న. ఆమె పక్కపొంటే ఉన్న." మొగిలయ్య గొంతు ఇంకా నెమ్మదించింది. "నేను అతికిన జాయింటు మీదికెళ్లి బండి వోయింది బిడ్డా. జర్రంత కూడ ఎగరలే. నేను... నేను మస్తు ఖుషీ అయిన. నా జాయింటు నిలవడ్డది అనుకున్న."

ఆ మాట అన్నాక అతనికి తెలిసివచ్చింది. కుర్చీ కోసం చెయ్యి చాపాడు. కుర్చీ లేదు. గోడ పట్టుకుని అట్లాగే కింద కూర్చున్నాడు.

మానస ఆపుకోలేకపోయింది. "ఏడాది సంది ఆ పిల్ల అన్నం తింటలేదు మామా! చేతులు చూసుకుంట కూసుంటదట. పక్క రూము పిల్ల నాకు ఫోన్ చేసి చెప్పింది. చదువు మీద లేదు, దేని మీద లేదు. 'డాడీ లాస్టుకు చూసింది నేను ఆగవట్టిన బండినే' అంటది. నేను ఎన్ని తీర్ల చెప్పినా వినది. ఒక్క మాట చెప్తే ఏం పోవు నీకు? పట్టా అతికిచ్చిన అని ఒక్క మాట!"

"ఎవలకు చెప్పాలె? అతికిచ్చినోడు చెప్తడా... అది మంచి పనే గద బిడ్డా. లైను మీద రోజు చేసేది. చెప్పుకునేదేముంటది?"

 ఆ మాటకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. ఆ కోపం కాసేపు ఆమె లోపల తిరిగి, చివరకు ఆమె మీదికే వచ్చింది.

"నేను గూడ అన్న మామా. ఆయన మంచం కాడ ఫోను నేనే పట్టుకున్న. బండి ఆగంగనే, 'ఏం ఒత్తినవే, మీ డాడీ చూస్తుండె గద' అన్న. గంతే అన్న. అదే ఆ పిల్ల చెవులల్ల ఉండిపోయింది."

కింద వీధిలో కూరగాయల బండివాడు మైకులో ధరలు అరుస్తూ పోయాడు. వాడు పోయాక మౌలాలి దిక్కు నుంచి నిజం బండి కూత వినిపించింది. 

మానస మెల్లగా వచ్చి మామకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇంకోటి ఉన్నది," అన్నది. గొంతులో కోపం పోయింది, ఏదో భయం వచ్చి చేరింది. "ఫోన్ పెట్టేసినంక ఆయన నాతోని ఒక మాటన్నడు. 'నాయినను ఏమనకు' అన్నడు. రెండు సార్లన్నడు. నాకు తెల్వలే. జ్వరంల అంటుండనుకున్న. తను పోతడని ఎరుకై, నిన్ను మంచిగ చూసుకోమంటుండేమో అని కూడా అనుకున్న. గందుకే ఏడాది సంది నిన్ను ఒక్క మాటన్లే."

మొగిలయ్య తల ఎత్తాడు.

"ప్రతి వైరు ఆయనకెరుకే గద మామా. బండి ఏడ ఆగిందో చూసిండు. ఎట్ల ఆగిందో చూసిండు. ఇంట్ల ఎవరున్నరో ఎరుకే. ఆయనకు... ఆయనకు అప్పుడే ఎరుకైనట్టున్నది."

 అతని మాటల నడుమ సందు ఇంత పెద్దగా ఎప్పుడూ లేదు. మానస ఈసారి ఆ సందులో నిలబడింది, ఎప్పటిలాగా.

"నా కొడుకు నన్ను మాఫ్ చేసి వోయిండు," అన్నాడు చివరకు. "పిల్లనెవలు చేస్తరు?"

*

గోడ పట్టుకుని లేచాడు. గంగాధరరావు వదిలి వెళ్లిన పట్టకారు తీసుకున్నాడు. మానస టార్చి పట్టింది. గమ్ము గట్టిగా ఉంది. మొగిలయ్య తను చేసిన పనిని తనే పట్టి లాగాడు. మొదటి రేకు విరిగి వచ్చింది. రెండోది రావడానికి సేపు పట్టింది. వచ్చాక టార్చి వెలుగులో రెండు సన్నటి సందులు ఎదురెదురుగా కనిపించాయి, దయాకర్ కోసి వదిలినవి. పట్టాలో సందు కనిపిస్తే పూడ్చడమే తెలిసిన చెయ్యి, పూడ్చిన సందును మొదటిసారి తెరిచింది. కొనవేలితో ఆ సున్నం చుక్కను కూడా తుడిచేశాడు.

మానస చెయ్యి మీట మీదికి పోయింది.

"వద్దు బిడ్డా."

"నడుస్తదో లేదో చూద్దాం మామా! నడిస్తేనే కద..."

"వద్దు. ఆగవట్టింది ఆమె అనుకుంటుంది. మర్లవట్టేది కూడ ఆమెనే కావాలె. మనం నడిపితే ఏమొస్తది?"

"పొద్దుగాల ఆ సారు వస్తడు. ఆటో తెస్తడు."

"రానీ. సిరి ఏమంటే గది."

మానస చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపు ఆలోచించి, మెల్లగా, పిల్లకు నచ్చజెప్పినట్టు అన్నది. "మామా, నా మాట విను. బల్ల పోయిందంటే అది ఇంటికొస్తది. గదే ఒప్పుకున్నది. వచ్చినంక నిదానంగ నేనే ఏదో చెప్త. డబ్బా పాతదుండె, కాలింది అంట. నీ పేరెందుకు? దానికి నాతోని సక్కగ మాటల్లేవు. అది దినాం ఫోన్ చేసేది నీకొక్కనికే. దీపాలు పెట్టే యాళ్లకు 'తాతా, తిన్నవా' అని అడిగేది నిన్నొక్కన్నే. ఇది చెప్తే ఆ ఫోన్ గూడ బందయితది. ఓర్సుకుంటవా?"

మొగిలయ్య జేబులోంచి బటన్ల ఫోను తీసి చూసుకున్నాడు. అది ఇంకా మోగలేదు. రోజులో అతను ఎదురుచూసేది ఆ ఒక్క మోతకే. దాని కోసమే సాయంత్రం కాగానే మొహం కడుక్కుంటాడు, ఎవరో చూస్తారన్నట్టు.

"ఓర్సుకోలేను," అన్నాడు. "గానీ డబ్బా కాలింది అంటే నమ్ముతదా? డబ్బా కాలవెట్టింది నేనే అనుకుంటది. ఇంటికొస్తది, మన ముందట అన్నం తింటది, నవ్వుతది గూడ. ఆ చేతుల దిక్కు సూసుకునుడు మాత్రం ఇడువది. గట్ల వచ్చుడు వచ్చుడు కాదు బిడ్డా. ఎనుకకు ఎనుకకు వచ్చినట్టు. దయన్న వద్దన్నడు గద గట్ల."

కొడుకును 'దయన్న' అని పిలిచే పిలుపు ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"కాయితం దొరుకుతదా?" అన్నాడు. "నాకు నోటితోని రాదు. ఫోన్ల అసలే రాదు. నేను చెప్త, నువ్వు రాయి. నేనన్నది అన్నట్టే రాయి. మంచిగ చెయ్యకు."

మానస కిందికి వెళ్లి కరెంటు బిల్లూ పెన్నూ తెచ్చింది. బిల్లు వెనక తెల్లగా ఉన్న చోట, బల్ల అంచు మీద పెట్టి, మౌలాలి స్టేషన్ పక్కన రాయడం మొదలుపెట్టింది. మొగిలయ్య ఒక్కో మాటా ఆలోచించి, ఆగి, మళ్లీ అందుకుని చెప్పాడు.

"సిరీ. నేను మీ తాతను. బండిని నువ్వు ఆగవట్టలే. నేను ఆగవట్టిన. నువ్వు తిప్పిన మీట మంచిగనే తిప్పినవు. మీ డాడీ లూపు కాడ పట్టాకు సందు పెట్టిండు. నాకు ఎరుకలే. ఇరిగింది అనుకున్న. అతికిచ్చిన. అతికినందుకే బండి మర్లలే... రాసినవా?"

"రాసిన."

"మీ డాడీకి ఎరుకే. నీ మీద ఆయనకు రవ్వంత గూడ లేకుండె. మీ మమ్మీని అడుగు. ఇయ్యాల ఆ అతుకు నేను తీసేసిన. బండి నడుస్తదో నడవదో నాకు తెల్వది. మేము ముట్టలే. మీట నీకోసం ఇడిసి పెట్టినం. పొద్దుగాల ఒక సారు వచ్చి తీస్కపోతడట. ఇయ్యమంటే ఇచ్చేస్తం. ఆగమంటే ఆపుతం. నువ్వు నా మీద కోపం జేస్కో. నాతోని మాట్లాడకున్నా మంచిదే. కానీ నీ చేతులు..."

అక్కడ ఆగిపోయాడు. మానస పెన్ను ఎత్తి ఎదురుచూసింది. రేకుల మీద పిట్ట నడిచిన చప్పుడయింది. బయట పొద్దు గూకుతోంది.

"నీ చేతులు మంచియి బిడ్డా," అన్నాడు. "గంతే. ఇగ రాయకు."

ఆ మాటకు చుక్క పెట్టీ పెట్టకముందే అతని జేబులో ఫోను మోగింది. దీపాలు పెట్టే వేళ. తెర మీద వెలిగే పేరు మొగిలయ్య చదవలేడు. చదవనక్కర లేదు. ఆ వేళకు అతనికి ఫోను చేసేది ఒక్కరే.

ఫోను మోగుతూనే ఉంది. మానస మామ మొహంలోకి చూసింది. అతను ఫోనును రెండు చేతులతో తీసి, కాలుతున్నదేదో అందించినట్టు, ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే ఎత్తు బిడ్డా. నేనెత్తితే 'తాతా, తిన్నవా' అంటది. గా మాట ఇన్నంక నా నోట ఇంకేం రాదు." బల్ల అంచు పట్టుకుని, లూపులో ఆగిన బండి వైపు మొహం తిప్పుకున్నాడు. "నడుమల ఏడుస్తే ఆగు. కోపం జేస్తే కూడ ఆగు. ఫోన్ పెట్టేస్తే మల్ల చెయ్యి. ఒక్క అచ్చరం ఇడువకుంట... సిరికి గిది సదివి వినిపియ్యి."